చామనఛాయ

మామూ చెహలుం నాడు ఆదోనిలో ఫాతెహా అయిపోయి, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక, ఆయన పెద్ద కొడుకు నా చేతిలో ఒక పాత కవరు పెట్టాడు. ఇంటి దస్తావేజుల పెట్టెలో అడుగున దొరికిందట. లోపల ఒకే ఒక్క నెగటివ్. 120 ఫిల్ముది, చదరంగా ఉంది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి పట్టుకుని చూశాను. నల్లటి ముఖం, తెల్లటి కనుబొమ్మలు, తల మీద కొంగు. అంతా తలకిందులుగా ఉన్నా పోల్చుకున్నాను. అమ్మీ.

కర్నూలు వాళ్ళకి 2009 అక్టోబర్ 2 అంటే గాంధీ జయంతి కాదు, సైలాబ్. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాతబస్తీ మీదికి వచ్చేశాయి. మేం అబ్బాని పట్టుకుని పక్కింటి డాబా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నాం. నీళ్ళు తీశాక ఇంట్లోకి వెళ్తే మోకాళ్ళ దాకా బురద. అబ్బా బియ్యం చూడలేదు, బీరువా చూడలేదు. తిన్నగా అమ్మీ సందూక్ దగ్గరికి వెళ్ళారు. చీరల మడతల మధ్య ఉండాల్సిన ఫోటో ఒక జిగట ముద్దయి వచ్చింది. ఫోటో కాగితం మీద బొమ్మ నిలబడేది జిలాటిన్ పొరలో. రోజుల తరబడి నీళ్ళలో నానితే అది ఉబ్బి, మెత్తబడి, దేనికి ఆనుకుంటే దానికి అంటుకుపోతుంది. ఆ ఏడాది మన వాళ్ళ ఎన్ని ఇళ్ళల్లో పెళ్ళి ఆల్బంలు అట్లా ఇటుకల్లా గట్టిపడ్డాయో మీకు తెలుసు. ముఖాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, విడదీస్తే రెండూ పోయేవి.

అమ్మీకి ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. తమాషా ఏమంటే, అబ్బా పని చేసింది ఫోటో స్టూడియోలో. ముప్పై ఏళ్ళు డార్క్‌రూంలో ఊరందరి ముఖాలూ కడిగారు. ఇంట్లో మాత్రం దాదీ ఒప్పుకునేది కాదు. తస్వీర్ ఉన్న ఇంట్లోకి ఫరిష్తేలు రారని ఆమె పట్టు. ముసవ్విర్లకు ఆఖిరత్‌లో పడే అజాబ్ గురించి హదీసులు చెప్పేది, కొడుకు వింటుండగానే. కెమెరాతో తీసింది తస్వీర్ కాదు, అద్దంలో కనిపించేలాంటి అక్స్ అనే ఉలేమా కూడా ఉన్నారు, ఈ మస్‌అలాలో ఇఖ్తిలాఫ్ ఉందని అబ్బా నెమ్మదిగా అనేవారు. అంతకు మించి వాదించలేదు. చివరికి దాదీ హజ్‌కి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్ట్ కోసం ఆమె ఫోటో అబ్బానే తీసి, అబ్బానే కడిగారు. ‘మజ్‌బూరీ’ అంది దాదీ. పది కాపీలు తీయించుకుంది.

అమ్మీ ఫోటో అంతకు ముందే, 1986లో తీసింది. దాదీ బంధువుల ఇంటికి పోయిన మధ్యాహ్నం, స్టూడియో యాషికా కెమెరా ఇంటికి తెచ్చి, ఆంగన్‌లో వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, ఒకే ఒక్క క్లిక్. ఆ ప్రింటుని అబ్బా మామూలుగా నలుపు తెలుపులో వదల్లేదు. బ్రౌన్ చేశారు. పుస్తకాల్లో దాన్ని సెపియా టోనింగ్ అంటారు. సెపియా అసలు ఒక సముద్రప్రాణి సిరా పేరు, ఆ సిరాకీ ఈ పనికీ సంబంధం లేదు, రంగు కలవడమే. స్టూడియోలో మాత్రం అందరూ ‘బ్రౌన్ చేయడం’ అనేవాళ్ళు. 1993లో అమ్మీ మమ్మల్ని వదిలి వెళ్ళాక, దాదీ నిద్రపోయినప్పుడు సందూక్ తెరిచి నేనూ ఆపా చూసుకున్నది ఆ బ్రౌన్ ఫోటోనే. తేనె రంగులో నవ్వీ నవ్వని ముఖం.

నెగటివ్ దొరికిన రోజు రాత్రే మా ఖాందాన్ గ్రూపులో గోల మొదలైంది. మామూ మనవడు దాన్ని మొబైల్‌తో ఫోటో తీసి, తిప్పేసి, ఏదో యాప్‌లో వేసి రంగులు పూయించాడు. పిల్లవాడు ప్రేమతోనే చేశాడు, కాదనను. ‘మాషా అల్లాహ్’లు వరసగా పడ్డాయి. అబ్బాకి ఒక కన్ను కాలామోతియాతో పోయింది. రెండో కంటితో దేన్నైనా ముక్కుకి ఆనించుకుని చూస్తారు. ఫోను అట్లా పెట్టుకుని చాలాసేపు చూసి అడిగారు:

“యే కౌన్ హై?”

“అమ్మీ, అబ్బా.”

“నై బేటా. మీ అమ్మీ ఇంత గోరీ కాదు. ఈ చీరేంది, పచ్చది? ఆ రోజు ఆమె కట్టింది ఊదా రంగు చీర.”

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. యాప్ తప్పు చేసినందుకు కాదు. అమ్మీ గోరీ కాదన్న మాటకి. నా ఖయాల్‌లో అమ్మీ ముఖం ఎప్పుడూ తేనె రంగే. ఆపాకి ఫోన్ చేస్తే ఆమె కొట్లాటకే వచ్చింది: “అమ్మీ గోరీ కాదా? అబ్బాకి వయసు మీద పడింది.” ఆపా నాకంటే నాలుగేళ్ళు పెద్దది, నాకంటే ఎక్కువ చూసింది. అయినా ఆమె చెప్పిన రంగు కూడా సందూక్‌లోని ఫోటో రంగే. పోయిన మనిషి రంగు మా ఇద్దరికీ గుర్తులేదు. ఒక రసాయనం రంగు గుర్తుంది.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. తర్వాత పట్టుబట్టి తెలుగు సాహిత్యంతో బీఏ చేశాను. క్లాసులో మొదటిసారి ‘ఛాయాచిత్రం’ అన్న మాట విన్నప్పుడు నవ్వొచ్చింది. మా దగ్గర ఫోటో అంటే అక్స్, ప్రతిబింబం. వీళ్ళకి ఛాయ, నీడ. కానీ తెలుగులో ఛాయ అంటే ఒంటి రంగు కూడా. అబ్బా ఉర్దూలో ‘సావ్‌లీ’ అన్న దానికి తెలుగులో ఇంకా చక్కని మాట ఉంది, చామనఛాయ.

“అయితే మీరు బ్రౌన్ ఎందుకు చేశారు?” అని అబ్బానే అడిగాను.

“తెల్లగా చేయడానికి కాదు. బ్లాక్ అండ్ వైట్‌లో సావ్‌లా ముఖం బూడిద రంగులో వస్తది. మయ్యత్ లెక్క. బతికున్న మనిషిని అట్లా చూడబుద్ధి కాలేదు. బ్రౌన్ చేస్తే నెత్తురున్నట్టు కనిపిస్తది. ఆ రోజు కొంచెం ఎక్కువ పసుపయింది, అంతే. నా తప్పే.”

ఆ తప్పు దిద్దాలని నాకనిపించింది. హైదరాబాద్‌లో నాతో పని చేసిన ఫోటోగ్రాఫర్ ఒకాయన తన పాత ఎన్‌లార్జర్, ఎనిమిది షీట్ల ఇల్‌ఫోర్డ్ ఫైబర్ పేపర్ ఇచ్చాడు. అబ్బా పేపరు అంచు వేళ్ళతో తడిమి, “ఇండు పేపర్ ఇట్లానే ఉండేది” అన్నారు. ఊటీలో సర్కారీ ఫ్యాక్టరీ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇండు పేపరే ఒకప్పుడు మన జిల్లా స్టూడియోలకి రోటీ.

పైన డాబా మీది బాత్‌రూంని రాత్రికి డార్క్‌రూం చేశాం. ఒక షీటు ముక్కలు చేసి పరీక్షకి, రెండు షీట్లు నలుపు కుదరక పోయాయి. మిగతా ఐదూ బాగా వచ్చాయి. అబ్బా స్టూల్ మీద కూర్చుని సెకన్లు లెక్క పెట్టారు, పైకే, ఉర్దూలో. నేను చాలు అనుకున్న చోట “ఇంకో రెండు” అనేవారు. బ్రౌన్ చేయదల్చుకున్న ప్రింటుని కాస్త ముదురుగానే తీయాలి, రంగు మారేటప్పుడు నలుపు కొంత పల్చబడుతుంది.

టోనింగ్‌కి చీకటి అక్కర్లేదు. మర్నాడు జొహర్ తర్వాత డాబా మీద, ఎండ పడని మూల, ట్రేలు పరిచాం. ఇక్కడ ఈ పని ఎట్లా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని రంగు పూయడం అనుకుంటారు. మా బేగం కూడా “చాయ్ డికాక్షన్‌లో ముంచితే సరిపోదా?” అంది. ముంచవచ్చు. కానీ చాయ్ మరక కాగితానికి పడుతుంది, తెల్లటి చోటా నల్లటి చోటా ఒకటే మరక. మొబైల్‌లో సెపియా ఫిల్టరూ అంతే, ముఖానికీ గోడకీ కలిపి ఒకే గోధుమ రంగు కప్పేస్తుంది. టోనింగ్‌లో కాగితం తెల్లగానే ఉంటుంది. మారేది వెండి. నలుపు తెలుపు ఫోటోలో నలుపంతా సన్నటి వెండి రేణువులు. ఆ వెండే ఇంకో పదార్థమవుతుంది.

రెండు ట్రేలు. మొదటిదాంట్లో పొటాషియం ఫెర్రిసయనైడ్, పొటాషియం బ్రోమైడ్ కలిపిన నీళ్ళు, నిమ్మకాయ పచ్చడి ఊట రంగులో ఉంటాయి. ప్రింటు అందులో వేస్తే వెండి కాస్తా సిల్వర్ బ్రోమైడ్ అయిపోతుంది. అంటే బొమ్మ మాయమవుతుంది. ముందు నుదురు, చెంప, తెల్లటి చోట్లు, తర్వాత చీర, ఆఖరున జుట్టు, కళ్ళు. చివరికి లేత గోధుమ రంగులో ఒక ఆనవాలు మిగులుతుంది. దాన్ని పసుపు పోయేదాకా కడిగి రెండో ట్రేలో, సోడియం సల్ఫైడ్ నీళ్ళలో వేస్తే నిమిషం లోపే బొమ్మ తిరిగొస్తుంది, ఈసారి బ్రౌన్‌గా. సిల్వర్ సల్ఫైడ్ అది. అమ్మీల వెండి పాజేబులు పెట్టెలో పెట్టి ఉంచితే నల్లబడతాయి కదా, అదీ ఇదే సిల్వర్ సల్ఫైడ్. గాలిలో గంధకం చేసే పని. టోనింగ్‌లో ఆ పని ముందే మనమే చేసేస్తాం కాబట్టి, తర్వాత గాలి ఆ బొమ్మని మునుపటిలా పాడుచేయలేదు. అందుకే బ్రౌన్ ఫోటోలు ఎక్కువ కాలం ఉంటాయి. చేతి రంగులు వేసే పాత చిత్రకారులు కూడా ముందు ప్రింటు బ్రౌన్ చేయించుకునేవాళ్ళు, బూడిద రంగు మీద ఒంటి రంగు పొర్లినట్టు ఉంటుందని.

మొదటి ప్రింటు నేనే పాడు చేశాను. మాకు మున్సిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు. ఎండాకాలం. ఫైబర్ పేపర్‌లోంచి హైపో పోవాలంటే పారే నీళ్ళలో గంట సేపు కడగాలి. నేను రాత్రి ఆ ఒక్క ప్రింటుని ట్యాంకు చూసుకుని పావుగంటలో ముగించేశాను. అబ్బాకి చెప్పలేదు. ఫెర్రిసయనైడ్‌లో వేయగానే అమ్మీ నుదురు వెళ్ళిపోయింది, చెంపలు వెళ్ళిపోయాయి, మామూలు కంటే తొందరగా. సల్ఫైడ్‌లో వేశాను. జుట్టు వచ్చింది, కళ్ళు వచ్చాయి, చీర వచ్చింది. నుదురు రాలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు. అక్కడ ఉత్త కాగితం.

“నుదురు రావడం లేదబ్బా.”

“ఎంతసేపు కడిగావు?”

చెప్పాను.

అబ్బా కోప్పడలేదు. “వుజూ లేని నమాజ్ చదివావు” అన్నారు. కాగితంలో మిగిలిపోయిన హైపో, ఫెర్రిసయనైడ్ కలిస్తే అది వెండిని మార్చదు, కరిగించి పట్టుకుపోతుంది. ఫార్మర్స్ రెడ్యూసర్ అని దాన్ని కావాలనే తయారుచేసుకుంటారు, మరీ నల్లబడ్డ ప్రింటుని పల్చన చేయడానికి. 1883 నుంచి ఉన్న కిటుకు. నేను తెలియక తయారు చేశాను. మాయమైనది తిరిగి వస్తుందన్న భరోసా అంతా, ముందు కడిగిన కడుగు మీదే ఉంది.

మిగతా నాలుగూ మళ్ళీ కడిగాం. పారే నీళ్ళు లేవు కాబట్టి అబ్బా పద్ధతి: రెండు బకెట్లు, ప్రింట్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి, పదేసి నిమిషాలకోసారి నీళ్ళు మార్చి, ఎనిమిదిసార్లు. వాడిన నీళ్ళు పారబోయనివ్వలేదు, బాత్‌రూంలో పోయించారు. నది ఒడ్డున కూర్చుని వుజూ చేసినా నీళ్ళు వృథా చేయొద్దన్నారు మన హుజూర్ అని గుర్తుచేస్తూ. అసర్ అజాన్ అయింది. అబ్బా నమాజ్ చదువుకుని వచ్చేదాకా నేను బకెట్ల దగ్గరే ఉన్నాను.

రెండో ప్రింటు బాగా మాయమైంది, బాగా తిరిగొచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్ అనుకునేలోపే చెంప మీద నీలం చుక్క కనిపించింది. ఆవగింజంత. తుడిస్తే పోలేదు. నేను ఫెర్రిసయనైడ్ కలిపింది పాత పింగాణీ తొట్టిలో, దాని అంచు పెంకు ఊడి తుప్పు పట్టి ఉంది. ఫెర్రిసయనైడ్‌కి తుప్పు తగిలితే నీలం పుడుతుంది, ప్రష్యన్ బ్లూ. ఇది ప్లాస్టిక్ ట్రేలో తప్ప కలపకూడదు. అబ్బా “ఎక్కడ పడింది?” అన్నారు. చెంప మీద అన్నాను. చాలాసేపటి తర్వాత నవ్వారు: “నజర్ కా టీకా.”

అప్పటికే కింద వాళ్ళు పైకొచ్చారు. సల్ఫైడ్ వాసన కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వీధిలో మోరీ పొంగిందని ఎవరో మున్సిపాలిటీకి ఫోన్ కూడా చేశారట. స్టూడియోలో ఈ పని ఎప్పుడూ వెనక పెరట్లోనే చేసేవాళ్ళమని అబ్బా చెప్పారు. వాసన పడక అనుకునేరు. ఆ ఆవిరి తగిలితే వాడని పేపరు, ఫిల్ము మసకబారి పోతాయి. ఇంకో మాట, ఇంట్లో ఎవరైనా చేయాలనుకుంటే: సల్ఫైడ్‌ని గానీ ఫెర్రిసయనైడ్‌ని గానీ యాసిడ్ దగ్గరికి రానివ్వకండి, విషవాయువులు వస్తాయి. చేతికి తొడుగులు, తలుపులు తెరిచి.

మిగతా వాటికి థయోయూరియా వాడాం. అది వాసన రాదు. పైగా అందులో కలిపే కాస్టిక్ సోడా పాలు మారిస్తే రంగు మారుతుంది. సోడా తక్కువైతే పసుపు గోధుమ, ఎక్కువైతే ముదురు బ్రౌన్. అబ్బా ఇది వాడలేదు ఎప్పుడూ. పిల్లవాడిలా అడుగుతూ కూర్చున్నారు, “ఇప్పుడెట్లా ఉంది? ఇరానీ చాయ్‌లానా, సులేమానీ చాయ్‌లానా? పాత బెల్లమా, కొత్త బెల్లమా?” నాకు అంతకంటే మంచి రంగుల పట్టీ ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

మూడో ప్రింటు ఆపా కోసం. సోడా తగ్గించాను. కొత్త బెల్లం. ఆమె సందూక్‌లో చూసిన అమ్మీ. అబ్బాకి అది నచ్చదని తెలుసు, ఆయన ఏమీ అనలేదు. “ఆమెకి అదే అమ్మీ అయితే అదే ఇవ్వు” అన్నారు.

ఆపా ప్రింటు ఆరేస్తూ ఒక మాట అడిగాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో ఫోటోగ్రాఫరైన దీన్‌దయాళ్‌కి ఇచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. ఆ కాలపు ప్రింట్లు కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసి, బంగారం కలిసిన ద్రావణంలో టోన్ చేసేవాళ్ళు, ఆ ఊదా గోధుమ రంగు అందుకే. దాదీ తిట్టిన మాట, నిజాం మెచ్చుకున్న మాట ఒకటే కదా అన్నాను. అబ్బా కాసేపు ఊరుకుని, “అల్ ముసవ్విర్ అల్లాహ్ పేరు” అన్నారు. “అమ్మ చెప్పింది అబద్ధం కాదు. భయపడుతూనే పని చేశాను. ముఖం నేను చేయలేదు, దాన్ని పోనివ్వలేదు, అంతే అనుకునేవాణ్ణి.” ముప్పై ఏళ్ళ సంపాదన గురించి అబ్బా అట్లా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

నాలుగో ప్రింటు సోడా పెంచి చేశాను. బాగుంది, కానీ అబ్బా వర్ణనకి ఇంకా ఎర్రగా ఉంది. ఐదోది, ఆఖరిది, అబ్బా చెప్పినట్టు చేశాం. ఫెర్రిసయనైడ్‌ని బాగా పల్చన చేసి, బొమ్మ పూర్తిగా పోనివ్వకుండా మధ్యలో తీసేయడం. ముఖంలో వెలుగు పడ్డ చోట్లు మాయమవుతాయి, జుట్టూ కళ్ళూ నల్లగానే ఉండిపోతాయి. ఎప్పుడు తీయాలో అదే ఇల్మ్. చెంప పోతోంది, పోయింది, గడ్డం కింది నీడ పల్చబడుతోంది అని నేను చెబుతున్నాను, ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు.

“కొంగు అంచు?”

“ఇంకా నల్లగానే ఉంది.”

“నికాలో.”

కడిగి థయోయూరియాలో వేశాం. నల్లటి జుట్టు కింద ముఖం నెమ్మదిగా తేలింది. తేనె కాదు, బూడిద కాదు. ఎండలో పని చేసుకుని నీడకి వచ్చి కూర్చున్న మనిషి ముఖం. రోట్లో మసాలా నూరుతూ మోచేత్తో చెమట తుడుచుకునే అమ్మీ నాకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. అది ఏ ఫోటోలోనూ లేదు.

తడి ప్రింటుని అబ్బా కంటి దగ్గరికి పట్టుకున్నాను. చుక్కలు ఆయన కుర్తా మీద పడుతున్నాయి. ఆయన ఎంత చూడగలిగారో నాకు తెలియదు. పెదాలు కదిలాయి, మగ్‌ఫిరత్ దువా.

ఆ ప్రింటు ఎవరికని అడిగితే నన్నే పెట్టుకోమన్నారు. తను నమాజ్ చదివే గదిలో తస్వీర్ పెట్టరు. ఎప్పటికీ పెట్టరు. నీలం చుక్క ప్రింటుని మాత్రం చింపొద్దన్నారు, దాన్ని దాదీ ముస్‌హఫ్ ఉన్న అల్మరాలో కాదు, అమ్మీ సందూక్‌లో పెట్టమన్నారు. సైలాబ్‌కి తలుపు ఊడిన ఆ సందూక్ ఇంకా ఉంది మా ఇంట్లో.

ప్రింట్లు ఆరాక, వెనక పెన్సిల్‌తో రాయమన్నారు. ఫైబర్ కాగితం వెనక పెన్సిల్ బాగా పడుతుంది. ఉర్దూలో చెప్పారు, నేను ఉర్దూలో రాశాను. అమ్మీ పేరు, ఆమె వాలిద్ పేరు, 1986, వేపచెట్టు కింద. ఆగి, “రంగ్ సావ్‌లా, సాడీ ఊదీ అని కూడా రాయి” అన్నారు. “రేపు ఎవడైనా మళ్ళీ మెషీన్‌లో వేస్తే చూసుకుంటాడు.”

నా పిల్లలకి ఉర్దూ చదవడం రాదు. కింద తెలుగులో కూడా రాశాను: చామనఛాయ. ఊదా రంగు చీర.